పుట్నాలు, బెల్లం పెట్టింది ఎవరు?

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పోచంపల్లి దగ్గర మా ఇంట్లో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగినదాన్ని. కరెంటు పోయినా, ఇంట్లో ఎవరూ లేకపోయినా భయపడలేదు. ఈ సంగతి కూడా ఎవరినీ భయపెట్టడానికి కాదు. రాయడం నాకు మనవలు పుట్టాకే వచ్చింది, అందుకని జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా కోడలు స్వాతి ఆదివారం పొద్దున కొంతమందిని వెంటబెట్టుకుని ఇప్పుడు మేముండే దిల్‌సుఖ్‌నగర్ గల్లీలన్నీ తిప్పుతుంది. కోస్తావాళ్ల పెసరట్టు ఉప్మా, మా నేతవాళ్ల ఇళ్ల సర్వపిండి తినిపిస్తూ, ఎవరు ఎక్కడి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారో చెప్తుంది. ముందు ఆమె నడుస్తుంది, చివర నేను. ఎవరూ వెనకపడకుండా చూడటం నా పని.

ఆ ఆదివారం ఒకాయన తల్లిని తీసుకొచ్చాడు. విజయవాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ, పేరు రాజేశ్వరమ్మ. మేము పెసరట్టు చెప్పి నిలబడ్డాం. ఇంతలో సరుకులు దింపే డీసీఎం బండి ఒకటి వెనక్కి వస్తుంటే అందరం తలో పక్కకు జరిగాం. అది పోయాక చూస్తే ఆవిడ లేదు.

కొడుకు మొదట నవ్వాడు. "మా అమ్మకి చీరల షాపు కనిపిస్తే చాలండీ, ఆగిపోతుంది." ఆవిడ ఫోను ఆయన సంచిలోనే ఉంది.

"పొద్దున ఆంటీ ఏమన్న తిన్నరా?" అని స్వాతి అడిగింది.

ఆయన ముఖం మారిపోయింది. "ఖాళీ కడుపుతో రమ్మన్నారు కదండీ, తినలేదు. షుగర్ ఇంజెక్షన్ మాత్రం చేసుకుంది."

అట్లా రమ్మని అందరికీ చెప్పేది మేమే. ఇంజెక్షన్ వేసుకుని తినకపోతే షుగర్ ఒక్కసారిగా దిగిపోతుందని నాకు తెలుసు. మా ఆడబిడ్డ అట్లనే పడిపోతే దవాఖానకు ఎత్తుకుపోయాం.

తలా ఒక దిక్కు పరుగెత్తాం. దారిలో పూలమ్మే ఆమెను అడిగాను, పచ్చ చీర, తెల్ల జుట్టు పెద్దామె ఇటు పోయిందా అని.

"గిక్కడ అందరివీ తెల్ల జుట్లే, అందరివీ పచ్చ చీరలే. పేరు జెప్పక్కా, పిలుస్త," అన్నది. చెప్తే నాకంటే గట్టిగా అరిచింది.

కోచింగ్ హాస్టళ్ల వెనక గల్లీలో, చివరి ఇంటి మెట్ల మీద కనిపించింది రాజేశ్వరమ్మ. జాకెట్టు చెమటకు తడిసి ఉంది. ఒక పిడికిలి మూసి ఉంది. నిదానంగా ఏదో నములుతోంది.

"కళ్లు తిరిగాయమ్మా. ఈ ఇంటావిడే కూర్చోబెట్టి, పుట్నాలూ బెల్లం చేతిలో పోసి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది. అన్నీ తినేదాకా లేవొద్దంది. మా వైపు మనిషే, మాట వింటే తెలిసింది. ఇప్పుడే లోపలికెళ్లింది."

తలుపుకు తాళం ఉంది. తుప్పు పట్టిన తాళం.

ఆ ఇల్లు సుభద్రమ్మగారిది. గుడివాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. పాఠం అయ్యాక నా చేతిలో పుట్నాలూ బెల్లం పోసి, చిన్నపిల్లకు చేసినట్టు వేళ్లు ఒక్కొక్కటే ముడిచేది. ఆమె పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఇల్లు అమ్మకానికి ఉంది.

దగ్గరలోని క్లినిక్‌కు తీసుకుపోయాం. ప్రమాదం లేదన్నాడు డాక్టరు. ఆ బెల్లమే కాపాడిందన్నాడు. కొడుకు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేశాడు. "లేవరా, అక్కడ పెసరట్టు చల్లారిపోతోంది," అన్నది ఆవిడ. అందరం ఒక్కసారే నవ్వాం.

ఎదురు హాస్టల్ ఆమెను అడిగాను. ఆ ఇంటి తలుపు తీసినవాళ్లను చూడలేదన్నది. దారిన పోయే ఆమె ఎవరో పెట్టి ఉంటుందని స్వాతి అంటుంది. కావచ్చు. కానీ లోపలికే వెళ్లిందని రాజేశ్వరమ్మ మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ వేళ్లు ముడవడం సంగతి నేను ఎవరికీ చెప్పి ఎరగను.

ఇప్పుడు మేము ఎవరినీ ఖాళీ కడుపుతో రమ్మనడం లేదు.

ఆ రోజు కారెక్కే ముందు రాజేశ్వరమ్మ నా చేయి పట్టుకుంది. "ఆ తల్లికి చెప్పకుండానే వచ్చేశాను. నేను బాగున్నానని చెప్పమ్మా."

"చెప్తనమ్మా," అన్నాను.

సాయంత్రం మళ్లీ పోయి, తాళం వేసిన తలుపు ముందు నిలబడి, ఆవిడ బాగుందని చెప్పి వచ్చాను. ఎవరికి చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.