కర్రోడి తిల్లి

ఒక్క సూదితో గొర్రెల మందను మొత్తం హిందూపురం సంతకు తోలించబోయిన ఘనత నాది. మీరు నవ్వండి, కానీ ఆ మూడు రోజులు నేను నవ్వలేదు.

పెనుకొండలో కొత్తగా ఆసుపత్రి పెట్టుకున్న పశువైద్యురాలిని. స్కానింగ్ మిషను కొత్తది, తెల్లకోటు కొత్తది, పొగరు మాత్రం కాలేజీ నాటిది. నల్లమాడ పక్క పల్లె నుంచి హనుమక్క అనే అవ్వ తన మందను కాసే కుక్క కర్రోణ్ణి ఆటోలో తెచ్చింది. పొట్టేలు కడుపులో పొడిచిందట, వీడు తిండి మానేశాడట. లోపల రక్తం కారుతోందేమో చూడాలి. కర్రోడు మిషను చూడగానే పళ్లు బయటపెట్టాడు. మత్తు సూది వేసి పడుకోబెట్టాను.

తెర మీద రక్తం జాడ లేదు. ప్లీహం మాత్రం పొట్టంతా పరుచుకుని ఉంది.

"అవ్వా, ప్లీహం ఉబ్బిపోయింది."

"అది యాడ ఉంటాది పాపా?"

"ఎడమవైపు, నాలుకలా పొడుగ్గా..."

"ఓ, తిల్లి! గొర్రెల్ని కోసేటప్పుడు ఎన్ని చూల్లేదు! వీనికెంత ఉండాది?"

బుక్కపట్నం చెరువులో పట్టిన చేప పొడుగు చెప్పేవాళ్లలా రెండు చేతులూ చాపాను. "పెద్ద జబ్బే అవ్వా. కోసి తీసేయాలి. బతకడం కష్టం."

ఆమె ఏడవలేదు. కర్రోడి చెవి నిమిరింది.

"నాకు కండ్లు ఆనవు. మందకు కండ్లు వీడే. వీడు పోతే గొర్రెలెందుకు? వచ్చే సంతకు తోలేస్తా."

నాకు ఏడుపొచ్చింది. నా స్కానింగు మీద అనుమానం మాత్రం రాలేదు, చూడండి నా తెలివి!

ఫోటోలు ధర్మవరంలో ఉన్న మా పెద్ద డాక్టరుకు పంపాను. సంత ముందురోజు ఆయన ఫోన్ చేశారు.

"కుక్క కదలకుండా ఎట్ల పడుకున్యాదమ్మా?"

"మత్తిచ్చాను సార్." మందు పేరు కూడా చెప్పాను.

"ఆ మందిస్తే ప్లీహం రక్తంతో ఉబ్బుతాదని చదువుకోలేదా? మత్తు లేకుండా మళ్లీ చూడుపో."

చేతి మిషను సంచిలో వేసుకుని నల్లమాడ బస్సెక్కాను. హనుమక్క దొడ్డిలో గొర్రెల్ని ఒక్కొక్కదాన్నీ తడుముతూ పేరుతో పిలుస్తోంది.

"కర్రోడు నిన్న సంగటి తిన్యాడు పాపా. పోయే ముందర ఆశేమో."

ఆమె ఒళ్లో తల పెట్టి కర్రోడు ఏ సూదీ లేకుండా బుద్ధిగా పడుకున్నాడు. ప్లీహం సన్నగా, చక్కగా ఉంది.

"అవ్వా, వాడికేమీ లేదు. ఆరోజు నా మత్తు సూదికే ఉబ్బింది. గొర్రెల్ని అమ్మొద్దు."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

"పొట్టేలు పొడిస్తే వానికేం కాల్యా. నువ్వు పొడిస్తేనే గదా పాపా, మంద సంతకు పోబోయింది!"

ఆ గొర్రెలన్నింటి సాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: తెర మీద ఏది ఉబ్బి కనిపించినా ముందు నా సూదినే అనుమానిస్తాను, పొట్టేళ్లతో పోటీకి మాత్రం ఈ జన్మలో దిగను.