మూడోసారి అడిగిన ప్రశ్న

రైల్వే కాలనీలో మా లెక్కల మాస్టారికి ఒకటే పట్టు. అర్థం కానిదానికి తలూపకూడదు. రాయపూర్ హిందీ బడిలో మా తెలుగు పిల్లలకు తలూపడం బాగా అలవాటు. సగం పాఠం తలకెక్కకపోయినా "జీ సర్" అనేసి కూర్చునేవాళ్లం. సాయంత్రం ట్యూషన్‌కెళ్తే, మాస్టారి వరండాలో ఆ పప్పులు ఉడికేవి కావు. తలూపినవాళ్లనే లేపి, "ఏటర్థమైందో సెప్పు," అనేవారు. అర్థం కాలేదన్నవాళ్లకు మాత్రం విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పేవారు.

అర్థమయ్యేదాకా అడిగే ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఉర్లాలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో డ్రాయింగ్ చేతికిస్తే పది ప్రశ్నలు వేస్తాను. నన్ను చూస్తే మా మేనేజర్ తల పట్టుకుంటాడు. పట్టుకోనీ. నా పని ఎప్పుడూ వెనక్కి రాలేదని నాకు కాస్త పొగరు కూడా.

పోయినేడాది మాస్టారికి ఒంట్లో బాగోలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ దంపతులకు పిల్లలు లేరు. రోగితోపాటు ఒక్కరే లోపలికి రావాలన్నారు. "నువ్వెల్లమ్మా, నువ్వైతే అన్నీ అడుగుతావు," అని మాస్టారి భార్య బయట బెంచీమీద కూర్చున్నారు. నేనావిడను పిన్నీ అంటాను.

డాక్టరు రిపోర్టులు తిరగేసి హిందీలో మెత్తగా ఏదో చెప్పాడు. వయసు, జాగ్రత్త, ఇంటి తిండి. అర్థం కాలేదన్నాను. మళ్లీ చెప్పాడు, ఇంకా మెత్తగా. అర్థం కాలేదన్నాను. పక్కనే ఉన్న మాస్టారు లోలోపల మెచ్చుకుంటారనుకున్నాను, బుద్ధిలేనిదాన్ని. డాక్టరు ఆయన వంక ఒకసారి చూసి, పెన్ను కింద పెట్టి, ఈసారి దాచకుండా చెప్పాడు. క్యాన్సర్ లివర్ నిండా పాకిపోయింది. చేసేదేమీ లేదు. రెండు నెలలు, మహా అయితే మూడు. ఇంటికి తీసుకెళ్లమన్నాడు.

ఆయన వినకూడదనే డాక్టరు అంతసేపు తిప్పితిప్పి చెప్పాడని అప్పుడు తెలిసింది. నా నోరు పడిపోయినా బాగుండేది. మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. పై గుండీ ఎంతకీ పట్టలేదు. సాయం చేయబోతే వద్దన్నారు.

తలుపు దగ్గర ఆగి, "మీ పిన్నికి సెప్పొద్దు," అన్నారు.

ఆవిడ అప్పటికే లేచి నుంచున్నారు. "ఏటన్నాడమ్మా? సబ్ టీకేనా?"

"బలానికి మందు రాశారు పిన్నీ."

ఎన్ని పూటలు వెయ్యాలి, అన్నానికి ముందా తరవాతా అని అడిగారు. రెండు పూటలు, తరవాతే అన్నాను. మాస్టారు అటు తిరిగి నిలబడ్డారు.

"అయితే ఆ సీటీ ఇలాగియ్యి, నేనే కొనుక్కొత్తాను," అని ఆవిడ చెయ్యి చాచారు.

ఇవ్వడానికి నా దగ్గర ఏ చీటీ లేదు.