చూసి నేర్చుకునేవాడు

అంబులెన్సులో శిక్షణకు కుదిరిన పరుశురాం చేతులు ఎప్పుడూ వీపు వెనకే ఉండేవి. "హాథ్ మత్ లగా, చెయ్యి పెట్టకు, చూసి నేర్చుకో" అని సీనియర్ జగదీశ్‌భాయ్ మొదటిరోజే హుకుం వేశాడు. చేసేదిలేక పరుశురాం వెనక్కి కట్టుకున్న ఒక చేత్తో రెండో చేతి నాడి చూసుకుంటూ నిలబడేవాడు. ఇంతలో కరోనా వచ్చింది. వడోద్ బస్తీలో, వలస వచ్చిన తెలుగు మగ్గం కార్మికుల గదిలో వెంకటవ్వ అనే ముసలామెకు ఊపిరాడటం లేదు. జగదీశ్‌భాయ్ గుమ్మం బయటే ఆగి, "ఆజ్ తూ కర్, ఈరోజు నువ్వే చెయ్యి. చేత్తో చేస్తేనే విద్య వస్తుంది" అన్నాడు ఎంతో ఉదారంగా. పరుశురాం ఆమెకు ఆక్సిజన్ మాస్కు తొడిగి, నాడి పట్టుకున్నాడు. కాస్త తెరిపినపడ్డ అవ్వ, గుమ్మం అవతల చేతులు వెనక్కి కట్టుకున్న మనిషిని చూసి అడిగింది.

"ఆయనెవలు బిడ్డా?"

"కొత్తగ వచ్చిండవ్వా. సూసి నేర్సుకుంటుండు."