పెద్దాయన గెలిచిన రోజు

పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్‌లో మళ్ళీ అదే గొడవ: కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌డేట్ చేయమంటారా? హాబ్సన్‌విల్‌లో మా వంటగది కిటికీ దగ్గర నిలబడి అది చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ మీద బతుకుతున్నవాడికి అప్‌డేట్ మీద కోపమేమిటని నవ్వకండి. నా కోపం ఫోన్ మీద కాదు, నా మీద.

రెండు వేల పదుల మధ్యలో నాకు గ్లైడర్ పిచ్చి పట్టింది. ఇంజిన్ లేని విమానం అది; ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిని వెతుక్కుంటూ గంటల తరబడి ఎగురుతుంది. నాకు నేర్పినాయన డెబ్భై దాటిన కివీ, అంటే ఇక్కడి న్యూజిలాండ్ మనిషే, ఒకప్పటి పాడిరైతు. మా ఆవిడ ఆయన్ని అంకుల్ అనేది. నేను ఇంట్లో పెద్దాయన అనేవాణ్ణి. ఆయన నమ్మిన పరికరం ఒక్కటే, ఎదుటి అద్దం మీద టేపుతో అంటించిన జానెడు ఎర్ర ఊలు పోగు. విమానం పక్కకు జారితే పోగు వంకర పోతుంది, అంతే. స్క్రీన్లన్నీ నా డిపార్ట్‌మెంట్. ముప్పై ఏళ్ళు పోటీల్లో ఎగిరినా ఒక్క రోజు కూడా ఆయనకు మొదటి స్థానం రాలేదు. ఏ రోజు ఎవరు గెలిచారో క్లబ్బు గోడకున్న చెక్క పలక మీద బంగారు రంగుతో రాసేవారు. టీ కప్పు పట్టుకుని ఆయన దాని ముందు నిలబడటం చాలాసార్లు చూశాను. ఆ వేసవి దాటితే ఇక పోటీలు వద్దని డాక్టరు చెప్పేశారు. ఆఖరి పోటీకి రెండు సీట్ల గ్లైడర్‌లో ముందు ఆయన, వెనక నేను.

ఇక్కడ రూలు చెప్పకపోతే నా ఘనకార్యం మీకు అర్థం కాదు. పోటీలో మేఘంలోకి దూరకూడదు. లోపల ఏమీ కనపడదు, ఒకరినొకరు గుద్దుకుంటారు. అయితే కృత్రిమ దిగంతం అనే బొమ్మ స్క్రీన్ మీద ఉంటే, బయట ఏమీ కనపడకపోయినా రెక్కలు సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. దాని అండతో దొంగచాటుగా మేఘంలో దూరి ఎత్తు సంపాదించొచ్చు. అందుకని దాన్ని వాడకపోతే చాలదు, వాడటానికి వీల్లేకుండా లాక్ చేసి ఉండాలి. లాక్ ఉందో లేదో ఆ స్క్రీన్ ఉన్న పరికరమే రికార్డు చేసుకుంటుంది. మొదటి రోజు తనిఖీలో మాది లాక్ చేసే ఉంది.

ఆ సాయంత్రం నేను ఊరుకున్నానా? పరికరానికి కొత్త వెర్షన్ వచ్చిందని కనిపించింది. అలాంటిది కనపడితే నాకు చెయ్యి ఆగదు.

“బానే పనిచేస్తోందిగా, ఎందుకండీ కెలుకుతారు? కాంపిటీషన్ అయ్యాక చేస్కోవచ్చుగా!” అంది మా ఆవిడ.

“రెండు నిమిషాల పనే,” అన్నాను.

ఆ అప్‌డేట్ కృత్రిమ దిగంతాన్ని రెండు వారాల ఫ్రీ ట్రయల్ కింద తెరిచిపెడుతుందట. నేను చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కిన పేజీలోనే ఆ ముక్క ఉంది. అలాంటి పేజీలు రాయించే ఉద్యోగం నాది!

మర్నాడు ఆకాశంలో దూదిపింజంత మేఘం లేదు. పెద్దాయన పోగును చూస్తూ, పైకి లేస్తున్న గద్దల వెంటపడుతూ, నన్ను మాత్రం “ఆ స్క్రీన్ వదిలెయ్, గద్దను చూడు” అని కసురుతూ ఎగిరారు. సాయంత్రం గోడకు అంటించిన ఫలితాల్లో మాదే మొదటి స్థానం. ఆయన టోపీ తీసి రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివారు.

పావుగంటకి స్కోర్లు చూసే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. లాక్ లేదు, ఆ రోజుకు సున్నా. “మేఘమే లేదు కదా మేడమ్, ఎక్కడ దూరతాం?” అని గొంతు చించుకున్నాను. “నాకూ తెలుసు. కానీ రూలు మేఘం గురించి కాదు, లాక్ గురించి,” అంది. ఆవిడ మాట నిజమే. అదే నన్ను మరీ కాల్చేసింది, తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

పెద్దాయనకు నేనే చెప్పాను. తిట్టినా బాగుండేది. ఆయన గ్లైడర్ దగ్గరికి వెళ్ళి, ఊలు పోగు ఊడదీసి నా చేతిలో పెట్టారు. “ఉంచుకో. దీనికి అప్‌డేట్లు రావు,” అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. ఆ తర్వాత క్లబ్బుకు వచ్చినా, టీ కప్పు పట్టుకుని ఆ పలక వైపు వెళ్ళడం నేను చూడలేదు.

ఈ పొద్దున ఫోన్‌లో ‘తర్వాత’ నొక్కాను. ఇన్నేళ్ళలో ఎన్ని వేల గంటలు ఎలా గడిచిపోయాయో తెలియదు. ఆ రెండు నిమిషాలు మాత్రం ఇంకా గడవడం లేదు.