పిడి విప్పందే నమ్మని సెర్వే

మా సెర్వే క్రాయే దేన్నయినా తిరగేసి, అడుగున ఎవరి గుర్తుందో చూసిగానీ నమ్మడు. హోటల్లో భోజనం రాకముందే పళ్లెం బోర్లిస్తాడు. వచ్చాక బోర్లించిన రోజూ ఉంది, పక్క బల్ల దగ్గర కూర్చున్నాయన చొక్కా అందుకు సాక్షి. నా పెళ్లిలో కేకు పీటను తిరగేశాడు. మా వాడి బాప్తిస్మానికి వచ్చి ఏకంగా మా వాణ్ణే తిరగేశాడు.

"వీడి మీద గుర్తేం లేదయ్యా రెమాక్ల్," అన్నాడు తాపీగా. "ముక్కు చూస్తే మాత్రం నీ సరుకే."

అసలు పిచ్చి పాత రివాల్వర్ల మీద. తూటాలు రాకముందు కాలానివి. మందు కూరి, గుండు దిగ్గొట్టి, వెనక చిన్న రాగి టోపీ తొడిగి పేల్చేవి. తుపాకుల తయారీకి పేరుపడ్డ మా లియేజ్ ఊళ్లో అటక దులిపితే ఒకటి రాలుతుంది. ఆదివారం పొద్దున మ్యూజ్ నది ఒడ్డున లా బాత్ సంతలో నేను అమ్మేవి అవే. సెర్వే నలభై ఏళ్లు తుపాకుల మీద నగిషీలు చెక్కి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆ విశ్రాంతంతా నా దుకాణం ముందే తీసుకునేవాడు.

"గొట్టం మీద లండన్ అని ఉంది కదండీ," అనేవాణ్ణి నేను, కొనేవాడికి వినబడేలా.

"గొట్టం మీది పేరు దుకాణం బోర్డయ్యా. లండన్ కొట్టువాడు ఇక్కడ చేయించుకుని తన పేరు వేయించుకున్నాడు. ఊరు సంగతి సిలిండర్ చెబుతుంది. మనిషి సంగతి పిడి లోపలుంటుంది," అంటూ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసేవాడు.

సిలిండర్ మీద కోడిగుడ్డు ఆకారంలో, మా ఊళ్లో పేల్చి పరీక్షించినట్టు వేసే ముద్ర బయటపడేది. లండన్ దొర చేతిలో వెలిగిన రివాల్వర్ కాస్తా పక్కనున్న హెర్స్తాల్ సందులోదైపోయేది. "కాదు, లండన్‌ది కాదు" అని ఆయన అంత సులువుగా అనేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. పదకొండేళ్లు ఇదే వరస.

సంత ఆ చివర జోజే వాత్లే వాఫిల్స్ కాలుస్తుంది. డెబ్బై దాటిన మనిషి. వాళ్ల ముత్తవ్వ బార్బ్ ఇంట్లో కూర్చునే, పట్టు జారకుండా రివాల్వర్ పిడుల మీద సన్నటి గళ్లు చెక్కేదట. ప్రతి పిడి లోపలా గుర్తుగా చిన్న కాఫీ కూజా గీసేదట. ఆమె ఉలి ఇంకా జోజే దగ్గరుంది, దాని కర్ర మీదా కూజా ఉంది. ఈ కథ మొదలైతే సంతంతా నవ్వేది.

"తుపాకీలో కాఫీ కూజానా? మరి చక్కెర ఎక్కడ దాచింది, జోజే?" అన్నది నేనే. సెర్వే నవ్వేవాడు కాదు. చేతిలో వాఫిల్ తిరగేసి చూసుకుని తినేవాడు.

ఆ ఏడాది హెర్స్తాల్ సందులో, ఇళ్లలో కూర్చుని తుపాకులు చేసినవాళ్ల పేర్లతో ఒక రాయి నిలబెట్టాలని కమిటీ పడింది. జోజే ఉలి పట్టుకుని వెళ్లింది.

"ఉలి ఉంటే ఉలి ఉన్నట్టు రుజువమ్మా," అన్నాడట కమిటీ పెద్ద. "ఆవిడ చెయ్యి పడ్డ తుపాకీ చూపించు. సోమవారం చెక్కడం మొదలు."

జాబితాలో ముప్పై ఏడు పేర్లు. ముప్పై ఏడూ మగవాళ్లవే. ఆ చివరి ఆదివారం పొద్దున్నే వాఫిల్ కోసం వెళ్తే జోజే నాకు మాడింది ఇచ్చింది. ఏనాడూ మాడ్చని మనిషి. చక్కెర మాట గుర్తొచ్చి నాకు సిగ్గేసింది, మాడింది మాడినట్టే తినేశాను.

తిరిగొచ్చేసరికి అంట్వెర్ప్ నుంచి ఒక పెద్దమనిషి నా దుకాణం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో అయిదు గుండ్ల రివాల్వర్, గొట్టం మీద లండన్ పేరు, అక్రోటు కర్ర పిడి. పద్నాలుగు వందల యూరోలకు బేరం కుదిరింది. పర్సు తెరిచాడు. సరిగ్గా అప్పుడే సెర్వే దిగబడ్డాడు.

"ఈ ఒక్కసారికి వదిలెయ్యండి, మీకు పుణ్యముంటుంది," అన్నాను ఆయన చెవిలో.

"ఒక్క స్క్రూయే కదయ్యా," అన్నాడు.

పిడి ఊడి వచ్చింది. సెర్వే లోపలికి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ తర్వాత డెబ్బై రెండేళ్ల మనిషి పిడి గుప్పిట్లో పట్టుకుని, "జోజే, జోజే" అని కేకలేస్తూ కోళ్ల గంపలూ జున్ను బల్లలూ తప్పించుకుంటూ పరుగు లంకించుకున్నాడు. పిడి లేని రివాల్వర్‌తో నేను వెనకాలే. ముసలాయన్ను తుపాకీతో తరుముతుంటే పోలీసు ఊరుకుంటాడా? రెక్క పట్టుకుని ఆపాడు.

"ఏమిటిది?"

"లండన్‌ది కాదండీ, హెర్స్తాల్‌ది," అన్నాను. నోటికి మొదట వచ్చిన ముక్క అదే. ఆయనా నా వెంటే వచ్చాడు.

మేం చేరేసరికి జోజే ఏప్రన్ జేబులోంచి ఉలి తీసి పిడి పక్కన పెట్టింది. రెండు కూజాలు. రెంటికీ మూత ఒకే పక్కకు ఒరిగి ఉంది. ఆ సంతోషంలో అంట్వెర్ప్ పెద్దమనిషి పర్సుతో సహా ఎప్పుడు మాయమయ్యాడో నేను చూడనేలేదు. మధ్యాహ్నంలోపు అందరం, పోలీసుతో సహా, కమిటీ పెద్ద ఇంటి తలుపు తట్టాం. ఆయన భూతద్దంతో నాలుగుసార్లు చూసి, ముప్పై ఎనిమిదో పేరుగా బార్బ్ పేరు రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు జోజే ఉన్నట్టుండి నడక ఆపింది.

"ఇన్నేళ్లూ తుపాకులన్నీ విప్పింది దీనికోసమేనా?"

సెర్వే జేబులోంచి నలిగిన నోటుపుస్తకం తీశాడు. నాలుగు వందల పన్నెండు రివాల్వర్లు, తేదీలతో సహా. సగం నా దుకాణంలోవే.

"మరి ఒక్క ముక్క చెప్పలేదేం నాకు?"

"చెబితే ప్రతి ఆదివారం దొరికిందా అని అడిగేదానివి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "లేదని చెప్పడం నాకు చేతకాదు జోజే."

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను.

"నాతో రెండొందల సార్లు కాదని చెప్పారు కదండీ," అన్నాను.

"నీకు అలవాటైపోయిందయ్యా," అన్నాడు సెర్వే.