మా పేరుగల ఆడవాళ్ళు

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. నేర్పింది నా పేరే ఉన్న ఇంకో మనిషి.

ఎనభైల్లో జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా నిర్మాత ఇంట్లో వంటకు కుదిరాను. కృష్ణానగర్ నుంచి పొద్దున్నే నడిచి వెళ్ళేదాన్ని. మొదటిరోజు నా పేరు చెప్పగానే ఆ ఇంటి కోడలి మొహం మారిపోయింది. అత్తగారిదీ అదే పేరట.

"అత్తయ్యగారి పేరుతో నిన్నెలా పిలవను? నిన్ను తిడితే ఆవిణ్ణి తిట్టినట్టు కాదూ? ఇంకో పేరు పెడతాలే" అంది.

ఆ కొత్త పేరుకు నేను పలకలేదు. మొండిదాన్నే, కాదనను. మా నాయన నాకిచ్చింది ఆ పేరొక్కటే. నాలుగు రోజులు చూసి, పలకకపోతే ఇంకో ఇల్లు చూసుకోమంది కోడలు.

"గట్లనే పోతనమ్మా. పేరు మాత్రం ఇడువ" అన్నాను.

గుమ్మంలో నిలబడి ముసలమ్మ, అదే ఆ అత్తగారు, అంతా వింటోంది. మద్రాసు నుంచి కొడుకుతో వచ్చేసిన మనిషి.

"అమ్మాయ్, నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా పోయారు. ఇప్పుడు అత్తయ్య, మామ్మ, పెద్దమ్మగారు, అంతే. ఆ పేరు ఈ ఇంట్లో వినపడితే నీకేం నష్టం? తిట్టాలంటే తిట్టు. నేనూ వింటాను" అంది కోడలితో.

కోడలు నన్ను ఉండనిచ్చింది గానీ, పేరు పెట్టి పిలవలేదు. "ఇదుగో" అనేది.

మధ్యాహ్నాలు నేను కూరలు తరుగుతుంటే ముసలమ్మ పక్కన కూర్చుని వారపత్రికలు తిరగేసేది. మా పేరు ఎక్కడ కనిపించినా కత్తిరించేది. కోట కట్టించిన రాణి ఒకామె. చంటిపిల్లతో తెల్లవాళ్ళ జైలుకు పోయినామె. పద్యాలు రాసినామె. ఆ కాగితంలో మన పేరెక్కడుందో వేలు పెట్టి చూపించమనేది. అలా ముందు పేరు గుర్తుపట్టాను, తర్వాత దానిలోని అక్షరాలు, ఆపైన మిగతావి. రాణి ఎంత గొప్పదో నాకు పట్టలేదు. ఆమె పేరు నేను చదవగలిగాను, అదే నా గొప్ప.

ఒకరోజు నేనే కూడబలుక్కుని ఒక వార్త చదివాను. చీరల దుకాణంలో దొంగతనం చేసి దొరికిపోయినామె గురించి.

"ఈమెను గూడ కత్తిరియ్యాల్నా అమ్మా?"

"కత్తిరించవే. రాణి పక్కనే పెట్టు. పేరు మనదయ్యాక ఎక్కడికి తోస్తాం."

మా నవ్వులు హాల్లో ఉన్న కోడలి దాకా వెళ్ళేవి.

రెండేళ్ళకు ఒకనాడు షూటింగువాళ్ళు ఇరవైమంది భోజనానికి వచ్చారు. నేను పెరట్లో అరిటాకులు కడుగుతుంటే పొయ్యి మీద సాంబారు అడుగంటింది. కంగారులో కోడలు నా పేరు పెట్టి కేక వేసింది, మొదటిసారి. నేను పలికేలోపే వెనక గదిలోంచి ముసలమ్మ గొంతు, చిన్నపిల్ల గొంతులా, "ఆఁ, వస్తున్నా" అంది.

కోడలు నాలుక కరుచుకుంది. ముసలమ్మ నిజంగానే లేచి వచ్చింది.

"ఎవర్ని పిలిచావే? ఇద్దరం ఉన్నాం."

కోడలికి నవ్వాగలేదు. ఆ రోజు నుంచి నన్ను పేరుతోనే పిలిచింది. ముందు పలికేది మాత్రం ఎప్పుడూ ఆవిడే.