వల మీంచి కారు

తొంభైల్లో ఖతర్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసేవాణ్ణి. ఒక శుక్రవారం యజమాని కుటుంబాన్ని సముద్రపొడ్డున ఓ జాలరిపల్లెకు షికారు తీసుకెళ్లాను. సెలవొస్తే చాలు, కార్లన్నీ అక్కడికే. పాపం, జాలర్లకు వలలారేసుకునే చోటే మిగల్లేదు. మా దారికడ్డంగా ఓ వల పరిచి ఉంది. నేనూ జాలరి బిడ్డనే. వలను చెప్పుకాలితో తొక్కితే మా అయ్య వీపు చీరేసేవాడు. బ్రేకు వేశాను.

"యల్లా, యల్లా!" అని, పోనివ్వమన్నట్టు అరిచాడు యజమాని. వల మీంచే పోనిచ్చాను. తాళ్ళు తెగిన చప్పుడు వినిపించింది.

కారు దిగి, అలవాటుకొద్దీ వలను తాకి కళ్ళకద్దుకున్నాను. కోపంగా పరుగెత్తుకొచ్చిన ముసలి జాలరి అది చూసి ఆగిపోయాడు.

"నువ్వు మనోడివేట్రా? ఏ ఊరు?" అన్నాడు, అచ్చం మా వైపు యాసలో.

సిగ్గుతో "మాఫీ తెలుగు" అనేశాను, తెలుగు రాదన్నట్టు.

"మరి కళ్ళకెందుకద్దుకున్నావురా?"

ఇప్పటికీ సముద్రం కనిపిస్తే చాలు, ఆయన ఏ ఊరని అడిగినదానికి జవాబు చెప్పుకుంటాను: "భీమిలి, తాతా."